మెతుకు పట్టి దేశాన్ని లెక్కగట్టిన మహలనోబిస్

జూన్ 29 జాతీయ గణాంక దినోత్సవం

వరి కోతల కాలంలో సిబ్బంది ఒక సర్వే నంబరు రాసుకుని ఊళ్లోకి రావడం రైతులకు పరిచయమైన దృశ్యమే. పొలం నైరుతి మూల నుంచి కాగితంలో ఉన్నన్ని అంగలు పొడవునా, మరికొన్ని వెడల్పునా నడుస్తారు. ఆగిన చోట మేకులు పాతి, అయిదు మీటర్ల చదరాన్ని తాడుతో కొలుస్తారు. అందులోని పైరును కోయించి, నూర్పించి, గింజలను తూకం వేస్తారు. దీనినే పంట కోత ప్రయోగం అంటారు. గ్రామం యూనిట్‌గా పంటల బీమా అమలైన చోట్ల పరిహారం వచ్చేదీ రానిదీ ప్రధానంగా ఈ తూకమే తేల్చింది. అందుకే గట్టు మీద వాదులాట కూడా తప్పదు. ఎండిన చేలన్నీ వదిలి నీరు పారిన మడినే ఎందుకు కోశారని రైతు నిలదీస్తాడు. నాలుగు గజాల నేలను చూసి ఊరంతటి పంటను ఎలా చెబుతారని అడుగుతాడు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎనభై ఏళ్లకు పైబడిన కాలం కిందట బెంగాల్ జనపనార చేలలోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. దానికి సమాధానం వెతకడంలోనే సగం జీవితం గడిపిన శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన జన్మదినమైన జూన్ 29ని కేంద్ర ప్రభుత్వం 2007 నుంచి జాతీయ గణాంక దినోత్సవంగా పాటిస్తున్నది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునని మన పెద్దలంటారు. నమూనా సర్వే అనే శాస్త్రానికి మూలం ఆ మాటలోనే ఉంది. అయితే గరిటె పెట్టి కలిపిన కుండకే ఆ మాట వర్తిస్తుంది. దేశం కలిపిన కుండ కాదు. ఒకచోట మాగాణి, పక్కనే మెట్ట. ఒక వీధిలో మిద్దెలు, మరో వీధిలో గుడిసెలు. ఏ మెతుకు పట్టాలన్నది పట్టేవాడి ఇష్టానికి వదిలితే, దారి పక్కన ఉన్నదీ, చేతికి అందినదీ, అధికారికి నచ్చినదీ లెక్కకెక్కుతుంది. కనుక ఎంపికను మనిషి చేతి నుంచి తీసి చీట్ల చేతికి అప్పగించాలి. ఆపైన, వచ్చిన లెక్క ఎంత మేరకు తప్పి ఉండవచ్చో కూడా లెక్కగట్టి చెప్పాలి. ఈ రెండో పని మీదనే మహలనోబిస్ పట్టుబట్టారు.

తప్పిన రైలు

ఆయన 1893లో కలకత్తాలోని ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి 1912లో పట్టభద్రులయ్యారు. మరుసటి ఏడాది లండన్‌లో చదవాలని ఇంగ్లండు వెళ్లారు. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లి తిరుగు రైలు తప్పిపోవడంతో ఆ రాత్రి ఒక మిత్రుడి వద్ద ఉండిపోయారు. అక్కడి కింగ్స్ కళాశాల భవనాలు ఆయన మనసును ఎంతగానో ఆకట్టుకున్నాయి. ప్రవేశం కోరగా దొరికింది. లండన్ చదువు ఆలోచన అంతటితో ముగిసింది.

కేంబ్రిడ్జిలో ఆయనకు గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కుదిరింది. చలికి వణుకుతూ దుప్పట్ల పైనే పడుకుంటున్న రామానుజన్‌కు, వాటిని తొలగించి లోపల దూరి పడుకోవాలని చూపించింది మహలనోబిస్ అని చెబుతారు.

1915లో చదువు ముగించి స్వదేశానికి బయలుదేరబోతే ప్రపంచ యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో కళాశాల గ్రంథాలయంలో కార్ల్ పియర్సన్ నడిపే 'బయోమెట్రికా' పత్రిక సంపుటాలను చూడమని ఒక అధ్యాపకుడు సూచించారు. జీవుల కొలతలను గణితంతో పరిశీలించే పత్రిక అది. మహలనోబిస్ సంపుటాలన్నీ కొని ఓడలో చదువుతూ కలకత్తా చేరారు. సెలవులకని వచ్చిన వ్యక్తి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా స్థిరపడిపోయారు. పగలు భౌతికశాస్త్ర పాఠాలు, మిగిలిన వేళల్లో అంకెలు. కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాలను విశ్లేషించే పని ఆయనకు తొలినాళ్లలో లభించిన గణాంక పనుల్లో ఒకటి. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు సన్నిహితుడై, దాదాపు పదేళ్లు విశ్వభారతి కార్యదర్శిగానూ పనిచేశారు.

కరకట్ట ఎత్తు పెంచితే చాలదన్నారు

గణాంకశాస్త్రం ఎందుకు పనికివస్తుందో ప్రభుత్వానికి తొలుత తెలియజెప్పినవి వరదలు. 1922లో ఉత్తర బెంగాల్‌ను వరద ముంచెత్తింది. నీటిని నిలిపి ఉంచే భారీ బేసిన్లు కట్టాలని ఇంజినీర్లు సూచించారు. యాభై ఏళ్ల వర్షపాతం, వరదల లెక్కలను ముందుంచుకుని పరిశీలించిన మహలనోబిస్ ఆ కట్టడాల వల్ల ఫలితం ఉండదని, వచ్చిన నీరు త్వరగా దిగిపోయే దారులు కావాలని తేల్చారు.

1926లో ఒడిశాలోని బ్రాహ్మణి నదికి వరద వచ్చింది. నది అడుగు పూడి పైకి లేచిందని, కరకట్టల ఎత్తు పెంచడమే మార్గమని నిపుణుల అభిప్రాయం. ఆయన అరవై ఏళ్ల రికార్డులను తిరగేశారు. అడుగు లేచిన దాఖలా ఏదీ కనబడలేదు. ఎగువన కురిసిన అధిక వర్షమే కారణమని, ఎగువ ప్రాంతంలోనే జలాశయాలు కట్టి వరదను అదుపు చేస్తూ విద్యుత్తు కూడా తీయవచ్చని సూచించారు. ఒడిశా నదులపై ఆయన వేసిన ఈ లెక్కలే తరువాత మహానదిపై హీరాకుడ్ జలాశయ ఆలోచనకు బలమిచ్చాయి. ఆ డ్యామ్ 1957లో ప్రారంభమైంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరద వచ్చిన ప్రతిసారీ కరకట్ట ఎత్తు గురించే మాట్లాడుకునే మనకు ఈ పాత నివేదికల్లో తెలుసుకోవలసింది చాలానే ఉంది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఒక గదిలో మొదలైన ప్రయోగశాలే 1931 డిసెంబరులో భారతీయ గణాంక సంస్థగా రూపుదిద్దుకుంది. తొలి ఏడాది ఖర్చు 250 రూపాయల లోపే. 1933లో 'సంఖ్య' పత్రిక ఆరంభమైంది. 1936లో ఆయన ప్రతిపాదించిన 'మహలనోబిస్ దూరం' రెండు సమూహాల మధ్య పోలిక ఎంత ఉందో చెప్పే కొలమానం. పొడవైన మనిషికి చేతులూ పొడవుగానే ఉంటాయి గనుక ఆ రెంటినీ వేరువేరు తేడాలుగా లెక్కిస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. ఆ దోషాన్ని సరిచేసే సూత్రమిది. మనుషుల శరీర కొలతల కోసం పుట్టిన ఈ సూత్రాన్ని నేడు గుంపులో తేడాగా ఉన్నదానిని కంప్యూటర్లతో పసిగట్టడానికీ వాడుతున్నారు.

తెలుగువారికి ఆ సంస్థతో ఉన్న బంధం చిన్నది కాదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ వద్ద చేరారు. పాతికేళ్ల వయసులో, 1945లో ఆయన ప్రచురించిన ఒక్క పరిశోధనా పత్రం గణాంకశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ఆయన పేరును శాశ్వతం చేసింది.

జనపనార చేలలో పరీక్ష

నాటి బెంగాల్‌కు జనపనార బంగారు పంట. ఎంత విస్తీర్ణంలో వేశారన్న అంచనా మిల్లులకూ, ఎగుమతిదారులకూ, రైతుకూ కీలకం. పంట ఎక్కువని ముందే ప్రచారమైతే రైతు అమ్మేనాటికి ధర పడిపోతుంది. అయితే అక్కడ శాశ్వత శిస్తు జమీందారీ విధానం. కరణాలు ఏటా అడంగల్ రాసే మన రైత్వారీ గ్రామాల వంటి ఏర్పాటు లేదు. అంచనా అంటే చాలావరకు కంటిచూపే.

మహలనోబిస్ 1937లో చిన్న ప్రాంతంలో ప్రయోగాత్మకంగా సర్వే మొదలుపెట్టి, ఏటేటా విస్తరించి, 1941 నాటికి రాష్ట్రమంతటా జరిపించారు. గ్రామ పటాలపై యాదృచ్ఛికంగా గళ్లు ఎంపిక చేసి, ఆ గళ్లలో పడిన చేలనే కొలిపించారు. సిబ్బంది నడకకు ఎంత సమయం పట్టింది, కొలతకు ఎంత, రాతకు ఎంత అన్నది కూడా నమోదు చేయించారు. పెద్ద గళ్లు కొద్దిగా తీయాలా, చిన్న గళ్లు ఎక్కువగా తీయాలా అన్నది ఆ సమయాల లెక్కనుబట్టే నిర్ణయించారు.

అన్నిటికంటే ముఖ్యమైనది లెక్కించేవారిని లెక్కించడం. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను పంపేవారు. ఒకరి ఫలితం మరొకరికి తెలియదు. రెండు జవాబులూ దగ్గరగా వస్తే నమ్మవచ్చు. దూరమైతే ఎక్కడో పొరపాటో, ఇంట్లో కూర్చుని రాసిన కాగితాలో ఉన్నట్లే. గట్టు మీద నిలబడి అనుమానించే రైతు అడిగేదీ ఇలాంటి తనిఖీనే.

ప్రభుత్వం ఇంకోవైపు వేలాది సిబ్బందితో ప్రతి చేనునూ లెక్కించే పని కూడా చేపట్టింది. చివరకు మిల్లులకూ రేవులకూ చేరిన సరుకుతో సరిపోల్చి చూస్తే, అన్నీ లెక్కించినవారి కంటే కొన్నిటినే సరిగా లెక్కించినవారి అంకె నిజానికి దగ్గరగా ఉన్నది. ఖర్చు మాత్రం కొద్ది వంతే కావడం గమనార్హం. లెక్కలో చేరిన మనుషులు పెరిగేకొద్దీ వారి తప్పులూ పెరుగుతాయన్న మాటను కొట్టిపారేయడం ఆ తరువాత కష్టమైంది.

అన్ని విషయాల్లోనూ ఆయనదే పైచేయి అనుకోరాదు. వరి దిగుబడికి ఆయన నాలుగడుగుల వ్యాసార్ధం గల చిన్న వృత్తాలను కోయించేవారు. వ్యవసాయ పరిశోధన మండలిలోని పి.వి.సుఖాత్మే దీనితో తీవ్రంగా విభేదించారు. చదరం చిన్నదైనకొద్దీ అంచు మీది దుబ్బులను లోపలికి లాక్కుని కోసే అలవాటు వల్ల దిగుబడి ఎక్కువగా కనబడుతుందన్నది ఆయన వాదన. ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి వాదోపవాదాలు సాగాయి. మన పొలాల్లో ఇప్పుడు వేస్తున్న అయిదు మీటర్ల చదరం సుఖాత్మే పక్షానికే దగ్గర.

కరవు మిగిల్చినది

1943 బెంగాల్ కరవు లక్షల ప్రాణాలను బలిగొన్నది. బతికి బయటపడినవారి సంగతి ఏమిటన్నది ఆ మరుసటి ఏడాది మహలనోబిస్ సంస్థ చేపట్టిన సర్వే. 386 గ్రామాలలో దాదాపు 16 వేల కుటుంబాలను విచారించారు. ఎవరు ఎడ్లను అమ్ముకున్నారు, ఎవరు పొలం తాకట్టు పెట్టారు, ఎవరు కుండా చట్టీ సహా పోగొట్టుకున్నారు అని ఇంటింటా అడిగి రాసుకున్నారు. ఒక్క ఏడాదిలోనే దాదాపు 2.6 లక్షల కుటుంబాలు తమ వరి పొలాన్ని పూర్తిగా కోల్పోయి కూలీలుగా మారాయని ఆ సర్వే అంచనా వేసింది. గంజి కేంద్రాలు మూసివేయగానే కరవు ముగియలేదని ఆ అంకె తెలియజేసింది. ఆకలి చావులపై తరువాత పరిశోధించిన ఆర్థికవేత్తలు ఈ సర్వేను ఆధారంగా తీసుకున్నారు.

స్వాతంత్ర్యానంతరం 1949లో ఆయన కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారుగా నియమితులయ్యారు. 1950 అక్టోబరులో జాతీయ నమూనా సర్వే మొదటి విడత మొదలైంది. దేశంలోని గ్రామాలలో కుటుంబాలు ఏమి తింటున్నాయి, దేనికెంత ఖర్చు చేస్తున్నాయి అన్నది ఒకే పద్ధతిలో తెలుసుకోవాలన్నది లక్ష్యం. భాషలు అనేకం. కొలతలు అంతకంటే అనేకం. మానిక, కుంచం, పుట్టి అని చెప్పిన తెలుగు రైతు లెక్కనూ, మరో రాష్ట్రపు రైతు లెక్కనూ ఒకే తూకంలోకి మార్చవలసి వచ్చింది. దేశంలో పేదలెందరన్న చర్చ 1971లో దండేకర్, రథ్‌ల అధ్యయనంతో రాజుకున్నప్పుడు అందరికీ ఆధారమైనవి ఈ సర్వే అంకెలే.

రెండో పంచవర్ష ప్రణాళిక ముసాయిదా చట్రాన్ని 1955లో రూపొందించిందీ ఆయనే. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన ఆ నమూనాపై మెచ్చుకోలు, విమర్శ రెండూ వచ్చాయి. సేద్యానికీ, ఎగుమతులకూ తగిన చోటు దక్కలేదన్న విమర్శకు తరువాతి ఏళ్లలో తలెత్తిన ఆహార కొరత, విదేశీ మారక ద్రవ్య కొరత బలం చేకూర్చాయి. చేనులో తప్పు ఎంతో కొలిచి చూపిన మనిషి ప్రణాళికలో ఆ అవకాశం అంతగా ఉంచుకోలేదని అనిపిస్తుంది. సంస్థను తన ఇష్టప్రకారమే నడుపుతారన్న ఆరోపణ కూడా ఆయనపై ఉండేది. ఇంగ్లండు నుంచి వచ్చి చేరిన ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త హాల్డేన్ 1961లో ఆయనతో పొసగక వెళ్లిపోయారు.

1968లో పద్మవిభూషణ్ వరించింది. కానీ చివరి ఏళ్లు ప్రశాంతంగా సాగలేదు. తాను పెంచిన జాతీయ నమూనా సర్వేను తన సంస్థ నుంచి తప్పించి ప్రభుత్వ యంత్రాంగంలో పునర్వ్యవస్థీకరించాలని 1970లో కేంద్రం నిర్ణయించింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు మహలనోబిస్ కలకత్తాలో కన్నుమూశారు. సంస్థ బాధ్యత సి.ఆర్.రావు భుజాలపై పడింది. ఆ రోజున సర్వే 26వ విడత నడుస్తున్నది. సిబ్బంది ఎంపికైన గ్రామాలలో ఇంటింటా తిరుగుతూ ఎవరికి ఎంత భూమి ఉన్నదీ, ఎవరికి ఎంత అప్పు ఉన్నదీ రాసుకుంటున్నారు.