సముద్రతీరాన గిజిగాడి గూళ్లు: సలీం అలీ జీవితం

పక్షులను చూచి ఆనందించేవారు లోకంలో ఎందరో ఉన్నారు. చూచినదానిని చూచినట్లు ఏ పూటకాపూట వ్రాసి ఉంచేవారు బహు కొద్దిమంది. అట్టివారిలో అగ్రగణ్యులు డాక్టర్ సలీం అలీ. పరీక్షలు, పట్టాలు, ఉద్యోగాలు అనే చింతతో సతమతమయ్యే విద్యార్థులకు ఆయన జీవితం తెలియవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము.

1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన సలీం, తొమ్మిదిమంది సంతానంలో కడపటివారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచారు. బాల్యంలో ఒకనాడు గాలి తుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. ఆ పిట్ట పేరు తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్లారు. కార్యదర్శి మిల్లార్డ్ ఆ బాలుని ఆదరించి, పేరు చెప్పి, అచట భద్రపరచిన పక్షులను చూపారు. ఆ దినమే ఆయన దారి నిర్ణయమైంది.

అది పూలబాట మాత్రం కాదు. విశ్వవిద్యాలయ పట్టం లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం చేజారింది. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడుగా చేరి, తరువాత సెలవుపై బెర్లిన్ వెళ్లి ఆచార్య స్ట్రెసెమన్ వద్ద పక్షిశాస్త్రం అభ్యసించారు. 1930లో తిరిగివచ్చేసరికి నిధుల కొరతచే ఆ కొలువే రద్దయి ఉన్నది. భార్య తహ్మీనాతో కలిసి, బొంబాయి రేవుకు ఆవలి ఒడ్డున అలీబాగు చేరువలోని కిహీం అనే పల్లెలో కాపురం పెట్టారు.

నిరుద్యోగం ఎవరినైనా క్రుంగదీస్తుంది. సలీం అలీ మాత్రం ఆ తీరగ్రామంలో గూళ్లు అల్లుకొంటున్న గిజిగాళ్లను గంటల తరబడి గమనిస్తూ, కన్నది కన్నట్లు వ్రాసుకొన్నారు. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లిన గూటికి ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితేనే అంగీకరిస్తుంది. అప్పుడు మగపక్షి గూటిని పూర్తిచేసి, ఆ సమీపంలోనే మరొక గూటికి, మరొక జోడుకు పూనుకొంటుంది. మన జాషువా కవి పద్యాలలో కీర్తించిన ఈ చిన్ని పక్షి సంసార రహస్యం ఈ విధంగా శాస్త్రలోకానికి వెల్లడి అయింది. 1931లో వెలువడిన ఆ వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. పోయిన కొలువు ఈయలేని గౌరవాన్ని ఆ నోటుపుస్తకం ఇచ్చింది.

ఆ వెంటనే 1931–32లో నాటి హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపారు. ప్రయాణపు ఖర్చులు భరిస్తే చాలునని, తన శ్రమకు జీతం కోరలేదు. మన తెలంగాణ అడవుల పక్షులకు శాస్త్రీయమైన లెక్క ఆయన చేతిమీదుగా ఏర్పడినదని తలచినప్పుడు మాకు గర్వం కలుగుతుంది.

1939లో తహ్మీనా మరణం తీరని దెబ్బ. అయినను పని ఆపలేదు. 1941లో భారతదేశ పక్షులపై ఆయన గ్రంథం వెలువడింది. అటుపిమ్మట అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి పది సంపుటాల బృహద్గ్రంథం రచించి 1974 నాటికి ముగించారు. 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం ఆయనను వరించాయి. 1900 తరువాత కనిపించని కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల దొరికినది కూడ, ఆయన జీవితాంతం సేవించిన సంఘంవారి అన్వేషణ వల్లనే. 1987 జూన్ 20న ఆ మహనీయుడు కన్నుమూశారు.

పట్టం విలువలేనిదని మేము అనము. చేజారిన ఉద్యోగంతో జీవితం ముగిసిపోదని మాత్రం ఆయన చరిత్ర చాటుతున్నది. మన ఊరి బావి గట్టున ఈతచెట్టుకు వ్రేలాడే గిజిగాడి గూడు ఈనాటికీ ఉన్నది. ఒక పుస్తకం, ఒక పెన్సిలు చేతబట్టి దాని ముందు ఒక్క ఉదయం కూర్చొనే విద్యార్థి మన కళాశాలలో ఒక్కడు బయలుదేరినను, ఈ వ్యాసం వ్రాసినందుకు మేము ధన్యులము.