తూటా దారిని లెక్కగట్టిన గెలీలియో

రైఫిల్ షూటింగ్ కొత్తగా నేర్చుకునే పిల్లలు చాలామంది తూటా గీత గీసినట్టు నేరుగా వెళ్తుందనే అనుకుంటారు. నిజానికి బారెల్ దాటిన క్షణం నుంచే అది కిందికి జారడం మొదలవుతుంది. ఆ జారుడుకు లెక్క చూపిన మనిషి ఇటలీకి చెందిన గెలీలియో గెలీలీ. దుర్భిణిని ఆకాశం వైపు తిప్పి పేరు తెచ్చుకున్నదీ ఆయనే.

గెలీలియో 1564 ఫిబ్రవరి 15న పీసా పట్టణంలో పుట్టారు. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. పేరుంది గానీ డబ్బు లేదు. కొడుకును డాక్టర్ని చేయాలని 1581లో పీసా విశ్వవిద్యాలయంలో చేర్పించారు. అబ్బాయి మనసేమో లెక్కల మీదికి పోయింది. పట్టా తీసుకోకుండానే 1585లో బయటికి వచ్చేశారు. నాలుగేళ్లకు అక్కడే లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. 1592లో పాదువాకు మారారు.

అంతకు ముందు ఏడాదే తండ్రి చనిపోయారు. పెద్ద కొడుకు కాబట్టి ఇంటి బరువు, చెల్లెళ్ల కట్నాల బాకీ ఆయన నెత్తినే పడ్డాయి. జీతం చాలక విద్యార్థులకు ఇంట్లోనే బస ఇచ్చి పాఠాలు చెప్పారు. 1597 ప్రాంతంలో ఫిరంగి వాళ్లకు పనికొచ్చే ఒక కొలత సాధనం తయారుచేసి అమ్మారు కూడా.

విసిరిన వస్తువు ఎలా ప్రయాణిస్తుందన్నది పాత ప్రశ్నే. గుండు నేరుగా వెళ్లి, ఊపు అయిపోయాక కింద పడుతుందని చాలామంది నమ్మేవారు. వస్తువుకు అందిన ఊపు దానంతటదే అరిగిపోదని, ఏదైనా అడ్డుకుంటేనే తగ్గుతుందని దాదాపు ఆరు శతాబ్దాల ముందే ఇబ్న్ సీనా వాదించారు. గుండు దారి మొత్తం వంపేనని 1537లో టార్టాగ్లియా రాశారు. కానీ ఎంత వంపో ఎవరూ తేల్చలేదు.

గెలీలియో వాలు చెక్క మీద కంచు గుండ్లు దొర్లించి, పట్టిన సమయాన్ని సన్నటి నీటి ధారతో కొలిచారు. సమయం రెట్టింపైతే పడే దూరం నాలుగింతలు అవుతుందని తేలింది. ముందుకు పోవడం, కిందికి పడడం ఒకేసారి జరుగుతాయి, ఒకదాన్ని ఒకటి ఆపవు. రెండూ కలిస్తే వచ్చే దారి పరావలయం.

ఈ లెక్కను రైఫిల్‌కు పెట్టి చూద్దాం. తూటా వేగం సెకనుకు 300 మీటర్లు అనుకుందాం. గాలిని పక్కన పెడితే 50 మీటర్లకు దాదాపు 14 సెంటీమీటర్లు, 100 మీటర్లకు 54 సెంటీమీటర్లు పడిపోతుంది. అందుకే బారెల్‌ను చూపు గీత కంటే పిసరంత పైకి ఎత్తి ఉంచుతారు. బారెల్‌కు పైన ఉన్న స్కోప్ చూపు మాత్రం తిన్నగా ఉంటుంది. తూటా కింది నుంచి ఆ గీతను దాటి పైకి వెళ్లి, మళ్లీ దిగుతూ అనుకున్న దూరంలో దాన్ని కలుస్తుంది. ఆ దూరానికి స్కోప్‌ను సరిచేయడమే జీరోయింగ్. అంతకంటే దూరంగా కాలిస్తే గురి కిందికి పోతుంది.

1609లో హాలండ్ నుంచి దుర్భిణి కబురు విని గెలీలియో స్వయంగా అద్దాలు సానబట్టారు. వెనిస్ పెద్దలకు సముద్రం మీద దూరంగా ఉన్న ఓడలు చూపించారు, జీతం దాదాపు రెట్టింపైంది. 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రులను కనిపెట్టారు. ఆయన దుర్భిణిలో గురి గుర్తు పెట్టే వీలు లేదు. రెండు ఉబ్బు అద్దాల దుర్భిణిని 1611లో కెప్లర్ వివరించారు. దానిలో బొమ్మ గొట్టం లోపలే ఏర్పడుతుంది, అక్కడ దారం పెడితే లక్ష్యంతో పాటే కనిపిస్తుంది. స్కోప్‌లోని క్రాస్‌హెయిర్ అదే. ఆ కెప్లర్ చదివిన కాంతి శాస్త్ర గ్రంథాల్లో ఇబ్నుల్ హైసమ్ పుస్తకం లాటిన్ అనువాదం ఒకటి.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న మాటే ఆయనకు ముప్పు తెచ్చింది. 1616లో హెచ్చరించారు. 1632లో పుస్తకం రాగానే చర్చి న్యాయస్థానం పిలిపించింది. 1633లో, 69 ఏళ్ల వయసులో, మోకాళ్ల మీద నిలబడి తన మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఇంట్లోనే బందీ. మరుసటి ఏడాది, ఎంతో ప్రేమించిన పెద్ద కూతురు కన్నుమూసింది. తర్వాత చూపూ పోయింది.

అయినా పాత కొలతలన్నీ బయటికి తీసి చివరి పుస్తకం పూర్తి చేశారు. ఆయన రాతలు అచ్చువేయడంపై నిషేధం ఉంది. అందుకే అది 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చయింది. గుండు దారి లెక్కలు, పట్టికలు అందులోనే ఉన్నాయి. గాలి అడ్డు వల్ల, ముఖ్యంగా తుపాకి వేగాల దగ్గర, ఈ లెక్క తప్పుతుందని కూడా ఆయనే రాసిపెట్టారు. ఇప్పటికీ షూటర్లు లెక్క చూసుకున్నాక ప్రతి దూరంలో కాల్చి సరిచూసుకునేది అందుకే.

1642 జనవరి 8న, బందీగానే గెలీలియో కన్నుమూశారు. ఆయన విషయంలో పొరపాటు జరిగిందని చర్చి 1992లో ఒప్పుకుంది.