సైక్లోనుకు పేరుపెట్టిన కలకత్తావాసి: హెన్రీ పిడింగ్టన్

సముద్రతీరమున పుట్టి పెరిగిన ఆంధ్రులకు గాలివాన యననేమో, ఉప్పెన యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి గాలివానకు సైక్లోను అను పేరు కలకత్తా నగరముననే పుట్టినదని మాత్రము చాలమంది యెరుగరు. ఆ పేరు పెట్టినవాడు పండితుడు కాడు; ఓడల కప్తాను.

హెన్రీ పిడింగ్టన్ 1797లో ఇంగ్లండునందలి ససెక్స్ మండలమున జన్మించెను. వాణిజ్యనౌకలలో చిరకాలము పనిచేసి కప్తానై, 1830 ప్రాంతమున సముద్రజీవనము చాలించి కలకత్తాలో స్థిరపడెను. ఏషియాటిక్ సొసైటీలో ఉపకార్యదర్శిగను, ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు క్యురేటరుగను, ఓడల ప్రమాదములను విచారించు న్యాయసభకు అధ్యక్షుడుగను ఉండెను. తుఫానులో చిక్కిన నావికుని భయము ఎట్టిదో స్వయముగ నెరిగినవాడగుటచే ఈ చివరి పదవి ఆయనకు తగినదనియే చెప్పవలెను.

1838లో కల్నల్ విలియం రీడ్ తుఫానుల ధర్మమును గూర్చి ఇంగ్లండులో ఒక గ్రంథము ప్రకటించెను. తుఫానుగాలి తిన్నగ వీచునది కాదనియు, ఒక కేంద్రము చుట్టును తిరుగుచు ముందునకు సాగుననియు అందలి సిద్ధాంతము. ఇది బంగాళాఖాతమున ఎంతవరకు నిజమో తేల్చుటకు పిడింగ్టన్ పూనుకొనెను. ఉపగ్రహములు లేవు, తంతి లేదు. తుఫానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకములను సంపాదించి, ఏ దినమున ఏ ఓడ ఎచ్చట నుండెనో, గాలి ఏ దిక్కున వీచెనో, భారమితి ఎంత దిగెనో పటముపై గుర్తించుటయే ఆయన పద్ధతి. పది ఓడల గుర్తులు ఒకచోట చేరునప్పటికి తుఫాను నడచిన దారి పటముపై తేలుచుండెను.

ఆయన మొదటి వ్యాసము 1839 జూన్ నాటి తుఫానును గూర్చినది. ఆ నవంబరులోనే గోదావరి ముఖమున కోరంగి రేవును ఉప్పెన ముంచివేసెను. ఓడల నిర్మాణమునకు పేరుపడి, బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు తెచ్చిన రేవు అది. ఆ తుఫాను వృత్తాంతమును పిడింగ్టన్ సేకరించి ప్రకటించెను. అంతకు ఏబదియేండ్లకు పూర్వము, 1789లో, మూడు పెద్ద అలలు ఒకదాని వెంట నొకటి వచ్చి అదే కోరంగిని నాశనము చేసిన సంగతిని కూడ ఆయన లిఖితబద్ధము చేసెను.

ఇట్లు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో తుఫానులపై ఆయన వ్యాసములు ఇరువదికి పైగా వెలువడినవి. వానిలో చార్లెస్ హెడిల్ అను ఓడ కథ చిత్రమైనది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ వద్ద గాలికి లోబడి పరుగెత్తిన ఆ ఓడ, తుఫాను కేంద్రము చుట్టును ఐదుమారులు తిరిగి, బయలుదేరిన తావునకు కొలది దూరముననే తేలెను. గాలి తిరుగుననుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

1848లో ఆయన నావికుల కొరకు ఒక కరదీపిక వెలువరించెను. సైక్లోను అను పదము అందే కలదు. పాము చుట్ట నర్థమిచ్చు గ్రీకు పదమునుండి దానిని కల్పించెను. పుస్తకముతోపాటు పారదర్శకమైన కొమ్మురేకు లొసగెను. వానిపై గాలి దిక్కులు వలయముగ గీయబడియుండును. ఆ రేకును పటముపై నుంచి, వీచుచున్న గాలితో సరిచూచుకొన్న కప్తానుకు తుఫాను కేంద్రము ఏ వైపున నున్నదో తెలియును. కేంద్రము తెలిసిన తప్పించుకొనుదారి తెలియును. గాలి వలయముననే గాక కొంత లోనికి చొచ్చుకొని వీచునని తరువాతివారు తేల్చుటచే లెక్క కొంత మారినది గాని, అనేక నౌకలకు ఆ రేకులు మార్గదర్శకములైనవి.

శాస్త్రజ్ఞుని పరిశ్రమను ఆయన వ్యాసములను ఎందరు ఉదాహరించిరను లెక్కతో కొలుచుట నేటి ఆచారము. పిడింగ్టన్ పదమును వాడువారు ఆయన పేరు చెప్పరు. ఆ లెక్కకు ఇది అందదు.

ఆయన మాట పెడచెవిని పెట్టబడిన సందర్భమును గూడ చెప్పవలెను. హుగ్లీ పూడిపోవునను భయమున, సుందరవనములలో మాతలా నదిపై కొత్త రేవు కట్టవలెనని ప్రభుత్వము తలపెట్టెను. తుఫానుకన్న దానితో వచ్చు ఉప్పెనయే ప్రాణాంతకమని గ్రహించినవాడగుటచే పిడింగ్టన్ 1853లో గవర్నరు జనరలు డల్హౌసీ ప్రభువునకు బహిరంగలేఖ వ్రాసెను. అచ్చట కట్టినది ఏదియైనను ఏనాడో యొకనాడు సముద్రము పాలగునని దాని తాత్పర్యము. లేఖ అచ్చైనది, పని ఆగలేదు.

1858లో పిడింగ్టన్ కలకత్తాలోనే మరణించెను. 1864 అక్టోబరు 5న తుఫాను కలకత్తాను ముంచెను. నెల తిరుగకముందే నవంబరు 1న బందరులో ఉప్పెన వేలకొలది ప్రజలను బలిగొనెను. కలకత్తా విపత్తును, తరువాతి అనావృష్టులను చూచిన పిమ్మట 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను. దాని మొదటి కార్యస్థానము కలకత్తాయే. మాతలా ఒడ్డున వెలసిన కానింగు రేవు 1867 నవంబరు తుఫానులో శిథిలమైనది. కొలది యేండ్లలోనే ప్రభుత్వము దానిని విడిచిపెట్టెను.