చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు - బాలురకు చరిత్ర కథలు

ఆంధ్రదేశమున చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి పేరు విననివారు అరుదు. గయోపాఖ్యాన నాటకకర్తగాను, గణపతి నవల వ్రాసి జనులను కడుపుబ్బ నవ్వించిన హాస్యరసజ్ఞులుగాను వారిని ఎల్లరు నెఱుగుదురు. బాలురకు వారు చేసిన ఉపకారము మాత్రము తగినంతగా ప్రస్తుతింపబడలేదు. కావున వారి జీవితమును ఆ వైపునుండి చెప్పదలచితిమి.

పంతులుగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరీ మండలములోని ఖండవల్లి గ్రామమున జన్మించిరి. బాల్యము వీరవాసరమున గడచెను. చిన్ననాటనే వారికి రేచీకటి సంక్రమించెను. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పుస్తకము పట్టుట వారికి సాధ్యము కాదు. తోడి విద్యార్థులు చదువుచుండగా ప్రక్కన కూర్చుండి విని, విన్నదానిని మనసున నిలుపుకొనుటయే వారి విద్యాభ్యాసము. పంతులుగారి వచనము చదువువారికి ఎవరో ఎదుట కూర్చుండి కథ చెప్పుచున్నట్లు తోచుటకు ఈ వినికిడి చదువే కారణమని మా యభిప్రాయము. చెవితో నేర్చినవారు చెవికింపుగా చెప్పగలరు గదా!

రాజమహేంద్రవరము చేరి వారు ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. నాటకములు, నవలలు వెలువడిన క్రమమంతయు ఇచట చెప్పనక్కఱలేదు. చింతామణి పత్రిక నవలల పోటీలో 1894లో వారి రామచంద్ర విజయము బహుమానమందెను. తరువాత వ్రాసిన హేమలత చరిత్రాత్మకమైన నవల. ఇట్టి రచనలవలననే వారికి ఆంధ్ర స్కాటు అను బిరుదు వచ్చినది.

ఆ దినములలో పాఠశాలలయందు చరిత్రపాఠ మెట్లుండెడిదో స్మరింపవలెను. రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు, గవర్నరు జనరళ్ల వరుస, ఇవి వల్లించి పరీక్షయందు అప్పగించుటయే చరిత్ర. పై తరగతులలో అదియు ఇంగ్లీషుననే. తన దేశమున వెనుక మనుష్యులు జీవించిరనియు, వారికిని భయము, ప్రేమ, పంతము ఉండెననియు బాలునకు తోచు మార్గమే లేదు. ఈ కొఱతను తీర్చుటకు పంతులుగారు రాజస్థాన కథావళిని రచించిరి.

రాజపుత్ర సంస్థానములలో కుంఫిణీవారి ప్రతినిధిగా నుండిన కర్నలు జేమ్సు టాడు, చారణులు భట్టులు చెప్పిన గాథలను, వంశావళులను కూర్చి 1829లోను 1832లోను రెండు పెద్ద సంపుటములుగా ప్రకటించెను. ఆ గ్రంథము పెద్దలకే కొఱకరాని కొయ్య. అందు పన్నుల లెక్కలు, వంశవృక్షములు, భూగోళవర్ణనము ఒకదానితో నొకటి పెనగొనియుండును. వాని నడుమనే మహారత్నములవంటి కథలు దాగియున్నవి. మేవాడు రాజకుమారుడగు ఉదయసింహుని కాపాడుటకై దాది పన్నా తన కన్నకొడుకును హంతకుని కత్తికి అప్పగించిన కథ యట్టిది. 1576లో హల్దీఘాటు పోరాటమున ఓడియు లొంగని ప్రతాపసింహుని కథయు, ఇల్లు గడువని ఆ రాణాకు తన ధనమంతయు సమర్పించిన మంత్రి భామాషా కథయు నట్టివే.

పంతులుగారు ఆ మహారణ్యములోనికి చొచ్చి, త్రోవ చేసి, తెలుగు బాలుని చేయిపట్టి నడిపించిరి. వారి భాష గ్రాంధికమే. అయినను నిఘంటువుతో పనిలేని సులభగ్రాంధికము. సమాసముల బరువు లేదు. కథ ఎచటను నిలిచిపోదు.

ఇచట ఒక్కమాట నిష్పక్షపాతముగ చెప్పవలసియున్నది. టాడు వ్రాసినదెల్ల చరిత్ర కాదు. అల్లాఉద్దీను 1303లో చిత్తూరుగడను పట్టుకొన్న మాట నిజము. ఆ దండుతో వెళ్లిన అమీరు ఖుస్రో తన గ్రంథమున పద్మినీదేవిని పేర్కొనలేదు. ఆమె కథ 1540లో మలిక్ మహమ్మదు జాయసీ రచించిన కావ్యమువలన ప్రసిద్ధికెక్కినది. ఈ సంగతులను తరువాతి చరిత్రకారులు చర్చించిరి. తాను విన్న గాథలపై టాడునకు గల మక్కువ మిక్కుటము. ఆ మక్కువ తెలుగు కథలకును సంక్రమించినది. కావున నేడు ఈ కథలను పిల్లలచేత చదివించువారు, ఇది గాథ, ఇది జరిగినదని ప్రక్కన కూర్చుండి వేఱుపఱచి చెప్పుట యుచితము. అంతమాత్రమున పంతులుగారి కృషి విలువ తఱుగదు. ఆకలి పుట్టినవానికే వంటలో రుచి తెలియును. చరిత్రయం దాకలి పుట్టించినవారు వారు.

1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. వారి దృష్టి ప్రమాణములమీద, శాసనములమీద. పంతులుగారి దృష్టి బాలుర హృదయముమీద. రెండును కావలసినవే. పంతులుగారు మహాపురుషుల జీవితములను సైతము రచించిరి. అందు రాజారామమోహనరాయలు, దాదాభాయి నౌరోజీ వంటి సమీపకాలపువారు గలరు. దూరపు రాజులు మాత్రమే గొప్పవారను భ్రమ పిల్లలకు కలుగకుండ ఇది మేలు చేసినది. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరము వచ్చి యుపన్యసించినప్పుడు వారి యింగ్లీషు మాటలను తెలుగుచేసి సభకు వినిపించినవారును పంతులుగారే.

మన సంఘము పోషకులు విద్యార్థి వేతనములకు విరాళము లిచ్చుచున్నారు, వసతిగృహములు కట్టించుచున్నారు. సంతోషము. పిల్లల పుస్తకము నొకదానిని అచ్చువేయింతమను ప్రస్తావన మాత్రము మన సభలలో వినబడుట అపూర్వము.

1909లో పంతులుగారు అంటరానివారనబడు బాలురకొఱకు రాజమహేంద్రవరమున రామమోహన పాఠశాలను నెలకొల్పి, పదమూడేండ్లు నడపిరి. నాడు బ్రాహ్మణ కుటుంబమున బుట్టినవారికి ఇది సులభమైన పని కాదు. ధనమునకు కటకట, ఇరుగుపొరుగున గొణుగుడు. చూపా, నానాటికి సన్నగిల్లుచుండెను. కులసభ సంచికయందు ఈ సంగతిని దాటిపోరాదని తలచి ప్రత్యేకముగ వ్రాయుచున్నాము. పుస్తకమున మహాపురుషుల కథలు చెప్పినవారు, ఆ పుస్తకము చేతికందని పిల్లలకు అక్షరములు సైతము తామే చెప్పించిరి.

కాలక్రమమున చూపు పూర్తిగ పోయెను. రచన మానలేదు. తాము చెప్పుచుండ ఇతరులు వ్రాయుచుండిరి. 1942లో స్వీయచరిత్రము వెలువడెను. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1946వ సంవత్సరము జూను 17వ తేదీన పంతులుగారు తమ డెబ్బదితొమ్మిదవ యేట పరమపదించిరి.