అలాన్ ట్యూరింగ్

అలాన్ మాథిసన్ ట్యూరింగ్ (జూన్ 23, 1912 - జూన్ 7, 1954) సుప్రసిద్ధ ఆంగ్ల గణిత శాస్త్రవేత్త, కంప్యూటరు శాస్త్రానికి మూలపురుషులలో ఒకడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ వాడిన ఎనిగ్మా యంత్రపు గూఢలిపిని ఛేదించినవారిలో ముఖ్యుడు. సందేశాన్ని ఇతరులకు అర్థం కాకుండా మార్చడాన్ని ఎన్‌క్రిప్షన్ అనీ, దానిని తిరిగి మామూలు రూపానికి తేవడాన్ని డీక్రిప్షన్ అనీ అంటారు.

తెలుగునాటితో సంబంధం

ట్యూరింగ్ తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. బళ్ళారి, కర్నూలు, పార్వతీపురం, అనంతపురం, బెజవాడ వంటి చోట్ల పనిచేశాడు. తల్లి ఈథెల్ సారా, మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ కుమార్తె. 1911లో ఈ దంపతులు అప్పటి గంజాం జిల్లాలోని ఛత్రపురంలో (నేడు ఒడిషాలో ఉంది) నివసిస్తుండగా ఆమె గర్భవతి అయింది. ప్రసవం లండన్‌లో జరిగింది. తల్లిదండ్రులు మళ్ళీ ఉద్యోగానికి భారతదేశం వచ్చినపుడు అలాన్‌నూ, అతని అన్న జాన్‌నూ ఇంగ్లండులోనే ఒక విశ్రాంత సైనికాధికారి ఇంట ఉంచారు. అలాన్ ఏనాడూ భారతదేశాన్ని చూడలేదు.

షెర్బోర్న్ పాఠశాలలోనూ, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలోనూ చదివాడు. యంత్రం ఏ లెక్కలను చేయగలదు, వేటిని చేయలేదు అన్న విషయంపై 1936లో రాసిన పరిశోధనా పత్రం ఇతనికి శాశ్వత కీర్తిని తెచ్చింది. 1938లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డాక్టరేటు పొందాడు.

ఎనిగ్మా

1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడు, ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులోని గూఢలిపి కేంద్రంలో చేరాడు. ఎనిగ్మా చూడడానికి టైపు మిషను వలె ఉండేది. తిరిగే చక్రాలను, ముందువైపు తీగలను ప్రతిరోజూ కొత్తగా అమర్చేవారు. జర్మన్ పదాతిదళం వాడిన యంత్రానికి ఇటువంటి అమరికలు సుమారు 15.9 లక్షల కోట్ల కోట్లు. యంత్రం శత్రువు చేతికి చిక్కినా ఆనాటి అమరిక, అంటే తాళపుచెవి, తెలియనిదే సందేశం చదవలేరని జర్మన్లు నమ్మారు. లెక్క ప్రకారం ఆ నమ్మకం తప్పు కాదు.

తప్పు వాడుకలో ఉంది. మొదట్లో ప్రతి సందేశం తాళాన్నీ రెండుసార్లు పంపేవారు. దీని ఆధారంగానే 1932లో పోలండు గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ యంత్రపు లోగుట్టు కనుగొన్నాడు. 1939 జూలైలో పోలండువారు తమ పరిశోధనను బ్రిటన్‌కు అందజేశారు. ఈ సహాయాన్ని చాలా పుస్తకాలు తక్కువ చేసి చూపడం సమంజసం కాదు. ఇక ఎనిగ్మాలో ఏ అక్షరమూ తిరిగి అదే అక్షరంగా రాదు. వాతావరణ నివేదికలలో అవే మాటలు, అదే వరుసలో వచ్చేవి. ఊహించిన మాటను గూఢ సందేశం కింద జరుపుతూ పోతే, ఎక్కడ ఒకే అక్షరం ఎదురెదురుగా వచ్చిందో అక్కడ ఆ మాట ఉండదని తేలిపోతుంది. ఈ సూత్రంతో స్థలం నిర్ణయించుకొని, కుదరని అమరికలను కొట్టివేసే 'బాంబ్' అనే యంత్రానికి ట్యూరింగ్ రూపకల్పన చేశాడు. మొదటిది 1940 మార్చిలో వచ్చింది. గోర్డన్ వెల్చ్‌మన్ దానిని మెరుగుపరచాడు.

నౌకాదళ సందేశాలు మరింత జటిలమైనవి. వాటి బాధ్యతను ట్యూరింగ్ స్వయంగా తీసుకున్నాడు. 1942 ఫిబ్రవరిలో అట్లాంటిక్ జలాంతర్గాములకు నాలుగు చక్రాల ఎనిగ్మా రాగానే పని స్తంభించింది. ఆ పది నెలల్లో ఎన్నో రవాణా నౌకలు మునిగాయి. 1942 అక్టోబరులో మునిగిపోతున్న యు-559 నుండి సంకేత పుస్తకాలను బయటకు తెచ్చిన ఇద్దరు బ్రిటిషు నావికులు దానితోపాటే జలసమాధి అయ్యారు. డిసెంబరులో మళ్ళీ దారి దొరికింది.

పాతిపెట్టిన వెండి

1940లో, జర్మన్లు ఇంగ్లండును ఆక్రమిస్తే డబ్బు విలువ పోతుందన్న భయంతో ట్యూరింగ్ వెండి కడ్డీలు కొని, బ్లెచ్లీ సమీపంలో పాతిపెట్టాడు. చోటు గుర్తులను గూఢలిపిలో రాసుకున్నాడు. యుద్ధానంతరం మిత్రుడు డొనాల్డ్ మిచీతో కలసి, లోహాన్ని కనిపెట్టే పరికరంతో వెదకినా ఆనవాళ్ళు మారిపోయి వెండి దొరకలేదు. పరుల లిపిని ఛేదించినవాడు తాను దాచినదానిని తిరిగి పొందలేకపోయాడు. ఫైలుకో, ఫోనుకో, డేటాబేసుకో ఎన్‌క్రిప్షన్ చేసి తాళపుచెవిని పోగొట్టుకున్నవారి స్థితి ఇందుకు భిన్నం కాదు.

చివరి సంవత్సరాలు

1945 నుండి నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో కంప్యూటరు నిర్మాణ ప్రణాళికపై, 1948 నుండి మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1951లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1952లో స్వలింగ సంబంధం నేరమన్న నాటి చట్టం కింద శిక్ష పడింది. జైలుకు బదులు హార్మోను చికిత్సకు ఒప్పుకోవలసి వచ్చింది. ప్రభుత్వ రహస్య పనికి అనర్హుడయ్యాడు. 1954 జూన్ 7న సయనైడు వల్ల మరణించాడు. విచారణాధికారి ఆత్మహత్యగా నిర్ధారించాడు. తల్లి మాత్రం ప్రమాదమనే నమ్మింది. 1959లో ఆమె కుమారుని జీవితచరిత్ర ప్రచురించేనాటికి అతని యుద్ధకాలపు కృషి ఇంకా రహస్యమే. ఆ వివరాలు లోకానికి 1974 నుండి మాత్రమే తెలియసాగాయి.

2009లో బ్రిటిషు ప్రధాని క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి మరణానంతర క్షమాభిక్ష ప్రకటించింది. ఇతని పేరిట 1966 నుండి ఇస్తున్న ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి అందుకున్నాడు.