హాన్స్ బోక్లరు

నాలుగేండ్ల కొకసారి యోటు వేసి రాజ్యమునేలు వారిని నిర్ణయించు పౌరుడు, కర్మాగారపు ద్వారము దాటినంతనే మూగవాడు కావలయునా? జర్మనుకార్మిక నాయకుడగు హాన్స్ బోక్లరు జీవితమంతయు నీ ప్రశ్నకు సమాధానమని మేము తలంచుచున్నాము.

ఈతడు 1875 ఫిబ్రవరి 26వ తేదీన బవేరియాలోని యొక పల్లెలో బీదయింట జన్మించెను. పదుమూడవయేట తండ్రి గతింపగా సంసారభారము బాలునిపై బడినది. బంగారమును పలుచని రేకులుగా సాగగొట్టు పని నేర్చి ఫ్యూర్తు పట్టణమున కూలికి చేరెను. 1894లో లోహకార్మిక సంఘమునందును, సోషల్ డెమొక్రాటిక్ పక్షమునందును సభ్యుడయ్యెను. 1903లో సంఘ మాతనిని తన యుద్యోగిగా సార్ మండలమునకు బంపినది. అచ్చటి గనుల యజమానులు, ఉక్కుశాలల యధిపతులు సంఘమను పేరునే సహింపకుండిరి.

మొదటి ప్రపంచయుద్ధానంతరము, 1920లో, ఇరువదిమందికి తక్కువ గాని పనివారుగల ప్రతి కర్మశాలయందును వారెన్నుకొనిన కార్మికసభ యుండవలెనని చట్టమయ్యెను. అయినను మూలధనమునకు సంబంధించిన నిర్ణయములు యజమానుల చేతనే నిలిచినవి. బోక్లరు కొలోను నగరసభలో సభ్యుడై, 1928లో రైఖ్‌స్టాగు ప్రతినిధియయ్యెను. 1933 మే 2వ తేదీన నాజీలు సంఘభవనముల నాక్రమించిరి. మరుసటి యేటి చట్టము కార్మికసభలను రద్దుచేసి, యజమానిని నాయకుడనియు, పనివారిని అనుచరులనియు పేర్కొనెను. రాజ్యమున నోరు నొక్కబడినచోట కర్మశాలలోను నొక్కబడక తప్పదని యిందువలన దేటపడుచున్నది.

యుద్ధము ముగియునప్పటికి బోక్లరునకు డెబ్బదియేండ్లు. విశ్రమింపదగిన యా ప్రాయమున విచ్ఛిన్నమైన సంఘములను మరల గూర్చి, 1949లో మ్యూనిక్ మహాసభయందు పదునారు సంఘముల సమాఖ్యకు అధ్యక్షుడయ్యెను. బ్రిటిషువారి మండలమున 1947నుండి ఉక్కుకంపెనీల పర్యవేక్షకమండలులలో శ్రామికులకు సమానస్థానములు లభించియుండెను. అవి పోవునను భయము కలుగగా, ఉక్కుకార్మికులలో నూటికి తొంబదియైదుగురికి మించి సమ్మెకు సమ్మతించిరి. గనికార్మికులును వారి వెంట నడచిరి. ఛాన్సలరు అడెనవర్ కొలోను మేయరుగా నున్ననాటి పరిచితుడే. 1951 జనవరిలో ఇరువురును మాటలాడుకొనిరి. సమ్మె జరుగకయే యొడంబడిక కుదిరెను.

ఫిబ్రవరి 16వ తేదీన బోక్లరు మరణించెను. ఏప్రిలు 10వ తేదీన చట్టము ఆమోదింపబడెను. వేయిమందికి మించిన పనివారుగల బొగ్గు, ఇనుము, ఉక్కు కంపెనీల మండలులలో ఇరుపక్షముల ప్రతినిధులు సమసంఖ్యాకులు. నడుమ నొక తటస్థుడు. ఈ విజయము రెండు పరిశ్రమలకే పరిమితమనియు, 1952 నాటి చట్టము ఇతరులకు మూడవవంతు స్థానములే యిచ్చెననియు ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ నిజమే. కాని సమ్మె యను నాయుధమును చేతబట్టియు, దానిని ప్రయోగింపకయే కార్యము సాధించుట సామాన్యము కాదు. ఆతడడిగినది దయాధర్మము కాదు, సరిసమానమైన యాసనము. ఆ చట్టము నేటికిని నిలిచియున్నది.