వాన పడితే రోడ్డు పని ఎందుకు ఆపాలి? 200 ఏళ్ల కిందటి మెకాడం జీవితంలో మీ వీధికి జవాబు

మీ వీధిలో రోడ్డు పని మొదలైనప్పుడు పెట్టిన బోర్డు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు, పొడవు వెడల్పుల మధ్య డబ్ల్యూబీఎం అనో, డబ్ల్యూఎంఎం అనో రాసి ఉంటుంది. ఆ రెండింటిలోనూ చివరి అక్షరానికి అర్థం మెకాడం. అదేదో రసాయనం పేరనుకుంటారు చాలామంది. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా తారు కింద పరిచే కంకర పొరకు మూలం ఆయన ఆలోచనే. గ్యాస్ లైను కోసం తవ్విన గొయ్యి వానాకాలమంతా ఎందుకు అలాగే ఉంటుంది? తారు పని అక్టోబరులో ఎందుకు ఆగుతుంది? కొత్త రోడ్డు మొదటి తుపానుకే ఎందుకు లేచిపోతుంది? ఈ మూడింటికీ జవాబు ఆయన జీవితంలో దొరుకుతుంది. వానను ఎక్కడ తప్పుపట్టాలో, ఎక్కడ పట్టకూడదో కూడా తెలుస్తుంది.

ఇంజనీరు చదువు లేని వ్యాపారి

జాన్ లౌడన్ మెకాడం 1756లో స్కాట్లండ్‌లోని ఎయిర్ పట్టణంలో పుట్టారు. తండ్రి చనిపోయాక, 1770లో, పద్నాలుగేళ్ల వయసులో న్యూయార్క్‌లో వ్యాపారం చేస్తున్న చిన్నాన్న దగ్గరికి ఓడెక్కి వెళ్లారు. అక్కడే లెక్కలు, సరుకులు, బేరాలు నేర్చుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్న రోజుల్లో బాగా డబ్బు సంపాదించారు. యుద్ధంలో బ్రిటన్ ఓడిపోయింది. బ్రిటన్ పక్షాన నిలిచిన ఆయన 1783లో కుటుంబంతో స్కాట్లండ్‌కు తిరిగి వచ్చేశారు.

అక్కడ ఒక ఎస్టేటు కొన్నారు. ఊరి పెద్దమనిషి హోదాలో రోడ్డు ట్రస్టులో సభ్యుడయ్యారు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పెద్ద రోడ్లను టోల్ ట్రస్టులు నడిపేవి. బండికి ఇంత అని వసూలు చేసి, ఆ డబ్బుతో రోడ్డు బాగు చేయాలి. మన హైవే మీద టోల్ గేటు ఉన్నట్టే. వసూళ్లు జరిగేవి, రోడ్లు మాత్రం బాగుపడేవి కావు. వాన పడితే బండి ఇరుసు దాకా బురదలో దిగిపోయేది.

ఇంజనీరింగ్ చదవని ఆ వ్యాపారికి ఇదే పట్టుకుంది. ఇంత డబ్బు ఖర్చవుతుంటే రోడ్డు ఎందుకు నిలవడం లేదు? 1798లో నావికాదళానికి సరుకుల సరఫరా చూసే ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని ఫాల్మత్‌కు మారాక, బ్రిటన్ అంతా తిరుగుతూ రోడ్లు చూడటం మొదలుపెట్టారు. సొంత ఖర్చుతో, ఏళ్ల తరబడి, వేల మైళ్లు తిరిగారు.

బరువు మోసేది రాయి కాదు, మట్టి

అప్పటి ఇంజనీర్ల పద్ధతి వేరు. అడుగున పెద్ద పెద్ద రాళ్లు పేర్చి, దాని మీద చిన్న రాళ్లు పోసేవారు. అడుగు గట్టిగా ఉంటే పైన రోడ్డు నిలుస్తుందని నమ్మకం. పేరుమోసిన ఇంజనీరు థామస్ టెల్ఫోర్డ్ కూడా రాతి పునాదినే సమర్థించారు.

మెకాడం చూసింది ఇంకొకటి. చివరికి బరువంతా మోసేది కింద ఉన్న నేలే. ఆ నేల ఎండి ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. నానితే ఎంత పెద్ద రాయి పెట్టినా అందులోకి దిగిపోతుంది. కాబట్టి రోడ్డు వేయడమంటే ఆ నేల మీద ఒక కప్పు వేయడమే. ఇంటి పైకప్పు ఎలా వాన నీటిని లోపలికి రానివ్వదో, రోడ్డు కూడా అలాగే పనిచేయాలి.

దీన్నుంచి ఆయన నియమాలు వచ్చాయి. రోడ్డు పక్క నేల కంటే ఎత్తులో ఉండాలి. నీరు పక్కలకు జారేలా మధ్యలో కొద్దిగా ఉబ్బు ఉండాలి. రెండు వైపులా కాలువలు పారుతూ ఉండాలి. పైన వేసే కంకర చిన్నదిగా, కోణాలతో, ఒకే సైజులో ఉండాలి. ఒక్కో రాయి ఆరు ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు మించకూడదు. అలాంటి కంకరను సుమారు 25 సెంటీమీటర్ల మందాన పరిస్తే, బండ్లు తిరిగేకొద్దీ రాళ్ల కోణాలు ఒకదానిలో ఒకటి బిగుసుకుని గట్టి పొర అవుతుంది. రాళ్ల మధ్య మట్టి కలపడానికి ఆయన ఒప్పుకునేవారు కాదు. మట్టి నీళ్లు పీల్చుకుంటుంది, అది ఉబ్బితే రోడ్డు విడిపోతుంది.

బ్రిస్టల్‌లో పరీక్ష

1816లో బ్రిస్టల్ రోడ్ల ట్రస్టు ఆయన్ను సర్వేయరుగా పెట్టుకుంది. అప్పటికి ఆయనకు అరవై నిండబోతున్నాయి. మన లెక్కలో రిటైరయ్యే వయసు. అసలు పని అప్పుడే మొదలైంది.

పాత రోడ్లను తవ్వించి, అందులోని పెద్ద రాళ్లను తీయించి, వాటినే పగలగొట్టించి మళ్లీ పరిపించారు. కొత్త రాయి కొనే ఖర్చు చాలాచోట్ల తప్పింది. రాళ్లు కొట్టేవారిని కూర్చోబెట్టి, చిన్న సుత్తులు ఇచ్చారు. బలమైన మగవాళ్లే చేయాల్సిన పని ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా చేయగలిగేదిగా మారింది. 1815లో యుద్ధాలు ముగిశాక పని లేక అల్లాడుతున్న పేద కుటుంబాలకు ఇది కూలి అయింది. పర్యవేక్షకులు తక్కెడ పెట్టి రాళ్లు తూచి చూసేవారు.

ఇంకో మార్పు కూడా ఆయన పట్టుబట్టి తెచ్చారు. రోడ్డు చూసే మనిషికి పని తెలిసి ఉండాలి, సరైన జీతం ఉండాలి, చేసిన ఖర్చుకు లెక్క చెప్పాలి. రోడ్లు పాడవడానికి రాళ్ల లోపంతో పాటు నిర్వహణ లోపం కూడా కారణమని ఆయన భావించారు. 1816లోనూ, 1819లోనూ తన పద్ధతిని పుస్తకాలుగా రాసి ప్రచురించారు. పార్లమెంటు కమిటీలు పిలిపించి సాక్ష్యం తీసుకున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ట్రస్టులు ఆయన్ను, ఆయన కొడుకులను పనికి పిలిచాయి. 1823లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఈ పద్ధతిలో రోడ్డు వేశారు. ఆయన పేరే ఆ రోడ్డుకు పేరైపోయింది.

పొగడ్తతో పాటు అసూయ కూడా వచ్చింది. ఏళ్ల తరబడి సొంతంగా పెట్టిన ఖర్చు ఇప్పించమని పార్లమెంటును అడిగితే, అడిగిన దానికంటే తక్కువే మంజూరైంది. లండన్ పరిసరాల రోడ్ల బాధ్యత దక్కింది. నైట్ బిరుదు ఇస్తామంటే వయసు మీదపడిందని వద్దన్నారు. 1834లో దాన్ని ఆయన కొడుకు జేమ్స్ అందుకున్నారు. 1836 నవంబరులో, స్కాట్లండ్ వెళ్లి తిరిగి వస్తూ మోఫట్ అనే ఊళ్లో కన్నుమూశారు. వయసు ఎనభై.

తారు, గ్యాసు ఎలా వచ్చాయి?

మెకాడం రోడ్డులో తారు లేదని మీకు తెలుసా? ఆయన ఒకప్పుడు బొగ్గు తారు తీసే కంపెనీలో భాగస్థుడు కూడా. అయినా దాన్ని రోడ్డు మీద వాడలేదు. ఇనుప పట్టీల చక్రాలకు కంకర సరిపోయింది. మోటారు కార్లు వచ్చాక గాలి టైర్లు రాళ్ల మధ్య పొడిని లాగేయడం మొదలుపెట్టాయి. 1902లో ఎడ్గర్ హూలీ అనే ఇంగ్లండ్ సర్వేయరు కంకరకు తారు కలిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మన బీటీ రోడ్డుకు దారి అలా పడింది.

గ్యాసు కూడా ఆ కాలానిదే. 1807లో లండన్‌లోని పాల్‌మాల్ వీధిలో గ్యాసు దీపాలు వెలిగాయి. 1812లో గ్యాసు సరఫరా కంపెనీకి అనుమతి వచ్చింది. వీధుల కింద గొట్టాలు పరుచుకుంటూ పోయాయి. ఒకరు రోడ్డు వేయడం, ఇంకొకరు తవ్వడం అన్న కథ మన ఊళ్లలో పుట్టింది కాదు.

మన రెండు పట్టణాల్లో పని చేసే కాలం ఎంత?

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. ఉత్తరాంధ్రలో జూన్‌లో నైరుతి రుతుపవనాలు మొదలవుతాయి. అవి వెళ్లేలోపే బంగాళాఖాతంలో తుపాన్ల కాలం వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ తీరం దాటాయి. తిత్లీ పలాస ప్రాంతాన్ని, గులాబ్ కళింగపట్నం తీరాన్ని తాకాయి.

విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. అంటే ఊరి రోడ్ల మీద జనం అత్యధికంగా ఉండే రోజు సరిగ్గా తుపాన్ల కాలంలో పడుతుంది. ఆ ముందు వారాల్లో హడావుడిగా వేసే ప్యాచ్ ఎక్కువ రోజులు నిలవకపోవడంలో వింత లేదు. అదే అరసవల్లి రథసప్తమి మాఘమాసంలో వస్తుంది. అప్పటికి నేల ఆరి ఉంటుంది. పక్కాగా రోడ్డు వేయడానికి డిసెంబరు మధ్య నుంచి మే చివరి దాకా ఉన్న కాలమే మనకు దొరికేది.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. నిధులు, అంచనా, టెండరు, ఒప్పందం ముగించి కంకర దింపేసరికి వాన వచ్చేస్తే, ఆ ఆలస్యంలో కొంత ఆకాశానిది, కొంత ఫైలుది.

వాన ఏ పనిని నిజంగా ఆపుతుంది?

తారు మిశ్రమాన్ని 150 డిగ్రీల దరిదాపు వేడిలో పరిచి, చల్లారేలోపు రోలరుతో తొక్కాలి. కింద తడి ఉంటే మిశ్రమం త్వరగా చల్లారుతుంది, తడి రాయికి తారు అంటుకోదు. అందుకే వానలో, నీళ్లు నిలిచిన చోట తారు వేయకూడదని నిబంధన. ఇక్కడ ఇంజనీరు పని ఆపితే సరైన పని చేసినట్టే. చినుకుల్లో తారు వేయమని వీధివాళ్లు ఒత్తిడి తేవడం మన డబ్బును మనమే కాలువలో పోసుకోవడం.

గ్యాస్ లైనుదీ ఇదే సంగతి. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా సహజవాయువు పైపులైను గురించి మీరు వార్తల్లో చదివే ఉంటారు. అలాంటివి ప్రధాన లైన్లు. ఏ ఊళ్లోనైనా ఇళ్లకు వెళ్లేవి పంపిణీ లైన్లు, సుమారు మీటరు లోతులో వేస్తారు. ప్లాస్టిక్ గొట్టాల అతుకులను వేడితో కరిగించి కలుపుతారు. ఆ చోట తడి, బురద ఉంటే అతుకు బలహీనపడుతుంది. నీళ్లు నిండిన గోతిలో ఖాళీ గొట్టం తేలిపోతుంది కూడా. గ్యాసు విషయంలో తొందర కంటే ఆలస్యం మేలు.

గొట్టం వేశాక పూడ్చడం అసలు పరీక్ష. మట్టిని పొరలు పొరలుగా పోసి ఒక్కో పొరకూ దిమ్మిస వేయాలి. బురద మట్టిని ఒకేసారి నెట్టేస్తే రెండు నెలలకు కుంగుతుంది. అక్కడ నీరు నిలుస్తుంది, పక్కనున్న మంచి రోడ్డు కింద నేల కూడా నానుతుంది. మెకాడం చెప్పిన కప్పుకు చిల్లు పడినట్టే. చీకట్లో, నీళ్లు నిండిన ఆ గుంత లోతు తెలియక పడేది స్కూటీ మీద వెళ్లే మనిషే.

మీరు ఏం అడగాలి?

వాన ఆపలేని పనులు కొన్ని ఉన్నాయి. కాలువల పూడిక తీయడం, టెండర్లు ముగించడం, కంకర, గొట్టాలు సిద్ధం చేయడం, తవ్విన గోతుల చుట్టూ బారికేడ్లు, రాత్రి దీపం పెట్టడం, గుంతలను తాత్కాలికంగా గ్రావెల్‌తో నింపడం. వర్షం వల్ల ఆలస్యం అన్న జవాబు వీటికి చెల్లదు.

మీ వార్డు సచివాలయంలోనో, మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగంలోనో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలోనో నాలుగు ప్రశ్నలు రాసి ఇవ్వండి. ఈ వీధిలో తవ్వడానికి ఎవరికి, ఎప్పటిదాకా అనుమతి ఉంది? పూడ్చి రోడ్డు తిరిగి వేసే ఖర్చు ఎవరు కట్టారు? రోడ్డు కంటే ముందు కాలువ పూర్తవుతుందా? వేశాక పాడైతే కాంట్రాక్టరు ఎంతకాలం వరకు సొంత ఖర్చుతో బాగు చేయాలి? జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఇవే ప్రశ్నలు అడగవచ్చు.

ఇంకో చిన్న పని మీ చేతిలోనే ఉంది. ఈసారి వాన వెలిశాక అరగంట ఆగి వీధిలోకి వెళ్లి చూడండి. నీరు ఎక్కడ నిలిచిందో ఫోన్‌లో ఫొటో తీసి, ఆ అర్జీకి జత చేయండి. వచ్చే ఏడాది గుంత పడబోయేది సాధారణంగా అక్కడే. రాళ్లు తూచే ముందు మెకాడం చూసింది కూడా ఆ నీటి దారినే.